లేటుకు కారణం: మూడో పక్షం

రాత్రి పదకొండు దాటాక మా బండి ఆగిపోయింది. అమెరికాలో దూరప్రయాణాలకి రైలెక్కే అలవాటున్నవాళ్ళకి ఆ కూత వరస తెలిసే ఉంటుంది: రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. ప్రతి లెవెల్ క్రాసింగ్‌కీ ముందు అదే. రెండో రోజుకల్లా చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ రాత్రి మాత్రం చివరి కూత ఆగలేదు, మోగుతూనే ఉంది. కింద ఎక్కడో రేకు డబ్బాని కాలితో తన్నినట్టు ఒక చప్పుడు. వెంటనే బ్రేకులు పడ్డాయి. నా ముందు ట్రే మీదున్న కాఫీ కప్పు నెమ్మదిగా జారుకుంటూ అంచుదాకా వెళ్ళి కింద పడింది. చెయ్యి చాపితే అందేదే. చాపాలన్న ధ్యాసే రాలేదు.

కాసేపటికి మైకులో చెప్పారు: పట్టాల మీద వాహనానికి సంబంధించిన సంఘటన జరిగింది, పోలీసులు వచ్చేదాకా కదలడానికి లేదు, ఓపిక పట్టండి. కిటికీలోంచి చూస్తే చీకటి, ఆ చీకట్లో కంకర మీద టార్చిలైటుతో వెనక్కి నడిచి వెళ్తున్న కండక్టర్. ఒక్కో బోగీ కిందా వెలుతురు వేసి, వంగి చూసి, మళ్ళీ నడుస్తున్నాడు.

మొదటి అరగంట అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. రెండో గంటకి గొంతులు పెరిగాయి. నా ముందు సీట్లో ఉన్న పెద్దావిడ చికాగోలో ఇంకో బండి అందుకోవాలి. అటెండెంట్ కనబడినప్పుడల్లా "ఆ బండి మనకోసం ఆగుతుందా అమ్మా?" అని అడుగుతోంది. పక్క వరసలో ఒకాయన గట్టిగానే అన్నాడు, "గేటు పడుతుంటే దూరి ఉంటాడు. వాడొక్కడి తొందరకి ఇంతమందికి శిక్ష." ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే, మనసులో నేనూ అదే అనుకుంటున్నాను.

అక్కడ గేటే లేదని మర్నాడు తెలిసింది. రెండు పలకల్ని అడ్డంగా కొట్టిన తెల్ల బోర్డు, దాని కింద ఒక స్టాప్ గుర్తు, అంతే. లైటు లేదు, గంట లేదు, కిందికి దిగే కర్ర లేదు. కారులో ఉన్న మనిషి బతకలేదు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. ఆ మనిషి తప్పు ఏమీ లేదని అనను, నాకు తెలియదు. కానీ గేటు ఉందో లేదో కూడా తెలియకుండానే మేమందరం తీర్పు చెప్పేశాం. ఈ దేశంలో క్రాసింగ్ ప్రమాదాల గురించి జరిగే చర్చంతా దాదాపు ఇలాగే, చీకట్లో కూర్చుని చెప్పే తీర్పులాగే ఉందని నాకు అనిపిస్తోంది.

ఒక లెక్క చూడండి. దూరప్రయాణపు బండ్లు ఆలస్యమైతే, ఇక్కడ వాటిని నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్ ఆ నిమిషాల్ని కారణాల వారీగా విడగొట్టి రాస్తుంది. బండి నడిపే సంస్థ వల్ల అయినవి కొన్ని, పట్టాల సొంతదారు వల్ల అయినవి కొన్ని, ఈ ఇద్దరికీ సంబంధం లేనివి కొన్ని. ఆ చివరి ఖాతా పేరు మూడో పక్షం. వాన, మంచు, తెరుచుకున్న నది వంతెన, పోలీసు పని, ఇవన్నీ అందులోకే వెళ్తాయి. క్రాసింగ్ దగ్గర కారుని ఢీకొట్టి ఆగిపోయిన గంటలూ అందులోకే వెళ్తాయి. అంటే మా బండి ఆ రాత్రి నాలుగున్నర గంటలు నిలబడిపోతే, కాగితం మీద అది తుఫానుకి ఆగిన బండికి పక్కింటిది.

నా గొడవంతా ఇక్కడే. తుఫాను ఎక్కడ రావాలో మనం చెప్పలేం. కానీ రోడ్డూ పట్టాలూ ఏ చోట, ఏ కోణంలో, ఎంత ఎత్తులో కలవాలో ఎవరో గీత గీసి మరీ నిర్ణయించారు. లైట్లు పెట్టాలా వద్దా అన్నదీ ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే. మనుషులు కట్టిన దాన్ని వాతావరణం ఖాతాలో రాసేస్తే, ఇక దాన్ని బాగుచెయ్యమని ఎవరిని అడగాలి?

మిసోరీలో మెండన్ అనే చిన్న ఊరుంది. 2022 జూన్ 27న లాస్ ఏంజెలెస్ నుంచి చికాగో వెళ్తున్న సౌత్‌వెస్ట్ చీఫ్ అనే బండి అక్కడి క్రాసింగ్‌లో రాళ్ళ లోడు లారీని గుద్దింది. రెండు ఇంజన్లూ ఎనిమిది బోగీలూ పట్టాలు తప్పాయి, చాలా బోగీలు పక్కకి ఒరిగిపోయాయి. ముగ్గురు ప్రయాణికులు, లారీ డ్రైవర్ చనిపోయారు. దాదాపు 150 మందికి దెబ్బలు తగిలాయి. అక్కడా గేటు లేదు, లైట్లు లేవు. మట్టి రోడ్డు, పట్టాల మీదికి నిటారుగా ఎక్కాలి. పైగా రోడ్డు పట్టాలకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా కలుస్తుంది. అంటే లారీ డ్రైవర్ తన భుజం వెనక్కి తిరిగి చూస్తే తప్ప వచ్చే రైలు కనపడదు. గంటకు 90 మైళ్ళ దాకా వెళ్ళగల లైను అది.

ఆ ఊళ్ళో ఒక రైతు ప్రమాదానికి కొద్ది వారాల ముందే ఆ క్రాసింగ్‌ని వీడియో తీసి, ఇది ప్రాణాలు తీస్తుందని చెప్పాడు. రాష్ట్రం దగ్గర అక్కడ లైట్లూ గేట్లూ పెట్టే ప్రణాళిక అప్పటికే ఉంది. డబ్బు, సంతకాలు, వరసలో వంతు, ఇవన్నీ ఇంకా నడుస్తున్నాయి. జాతీయ రవాణా భద్రతా మండలి విచారణ చేసి, ఆ నిటారు ఎక్కుడూ ఆ ఏటవాలు కోణమూ కలిసి డ్రైవర్‌కి రైలు కనపడకుండా చేశాయని తేల్చింది. తర్వాత ఆ క్రాసింగ్‌ని శాశ్వతంగా మూసేశారు. 2023లో మిసోరీ రాష్ట్రం క్రాసింగుల కోసం 5 కోట్ల డాలర్లు కేటాయించింది. మూసెయ్యడానికి కుదిరింది, డబ్బూ దొరికింది. రెండూ నలుగురు పోయాకే.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది. గేట్లున్న చోట కూడా ప్రమాదాలు అవుతున్నాయి కదా అంటారు. నిజమే. ఈ దేశంలో ఏటా 2,000కి పైగా క్రాసింగ్ ప్రమాదాలు జరుగుతాయి, 200 మందికి పైగా చనిపోతారు. ఆ ప్రమాదాల్లో సగానికి పైగా లైట్లో గేట్లో ఉన్న చోటే జరుగుతున్నాయి. 1999 మార్చి 15న ఇల్లినాయ్‌లోని బర్బొనే దగ్గర సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్ బండి ఇనుప కడ్డీల లారీని గుద్దింది. 11 మంది ప్రయాణికులు చనిపోయారు. అక్కడ సిగ్నళ్ళున్నాయి. డ్రైవర్ అలసట మీద ఉండి సరిగ్గా స్పందించలేదని విచారణలో తేలింది. 2011 జూన్ 24న నెవాడా ఎడారిలో, లైట్లు వెలుగుతూ గేటు పడి ఉండగానే, ఒక లారీ సమయానికి ఆగలేక జారుకుంటూ వచ్చి కాలిఫోర్నియా జెఫర్ అనే బండి బోగీల్లోకి దూసుకుపోయింది. మంటలు లేచాయి. ఆరుగురు పోయారు. వాళ్ళలో లారీ డ్రైవర్ ఉన్నాడు, రైలు కండక్టర్ కూడా ఉంది. ఆ లారీ బ్రేకులు ముందునుంచే పాడై ఉన్నాయి.

ఈ రెండు ఉదాహరణలూ చూపించి "చూశారా, మనుషులదే తప్పు" అంటారు. నాకు మాత్రం అవి వేరే సంగతి చెబుతున్నాయి. అలిసిపోయిన డ్రైవర్లు ఎప్పుడూ ఉంటారు. పాడైన బ్రేకులు ఎప్పుడూ ఉంటాయి. రోడ్డు మీద మనిషి ఒక్క క్షణం తప్పు చేస్తే ఒక డజను బోగీల జనం ప్రాణాల మీదికి వచ్చేలా ఉన్న ఏర్పాటు మంచి ఏర్పాటు కాదు. గేటు పెట్టడం తొలిమెట్టు మాత్రమే. అసలు పరిష్కారం ఆ రెండు దారుల్నీ విడదీయడం.

గేటు ఎంత సమయం ఇస్తుందో కూడా చూడండి. నిబంధన ప్రకారం రైలు వచ్చేముందు కనీసం 20 సెకన్ల హెచ్చరిక ఉండాలి. చాలా లైన్లలో ప్రయాణికుల బండికి పై పరిమితి గంటకు 79 మైళ్ళు. ఆ వేగంతో 20 సెకన్లలో బండి 2,300 అడుగులు వచ్చేస్తుంది. అది అర మైలు కన్నా తక్కువే. రైలు లాంటి పెద్ద వస్తువు ఎదురుగా వస్తుంటే మన కంటికి అది నెమ్మదిగా వస్తున్నట్టే కనిపిస్తుంది, ఇంకా చాలా దూరం ఉందిలే అనిపిస్తుంది. ఇక ఇంజన్లో ఉన్నవాడి సంగతి. గంటకు 55 మైళ్ళతో వచ్చే బరువైన గూడ్సు బండి ఆగాలంటే మైలు పైన పడుతుంది. ప్రయాణికుల బండి అంతకన్నా త్వరగా ఆగుతుంది కానీ, పట్టాల మీద కారు కనపడిన దూరంలో మాత్రం ఆగదు. ఆయన చేతిలో ఉన్నది ఆ హారన్ ఒక్కటే. ఆ రాత్రి అది ఎందుకు ఆగకుండా మోగిందో నాకు తర్వాత అర్థమైంది.

ఆయన్ని నేను చూశాను. రెండున్నర గంటలు అయ్యాక కొద్దిసేపు తలుపు తెరిచారు. గాలికోసం నిలబడితే రోడ్డు పక్క పోలీసు కారు కనిపించింది. వెనక తలుపు తీసి ఉంది. కాళ్ళు బయటికి పెట్టుకుని ఆయన సీటు అంచున కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతి తొడుగులు ఇంకా తియ్యలేదు. ఒళ్ళో భోజనం డబ్బా పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరో వచ్చి నీళ్ళ సీసా ఇస్తే తీసుకోవడానికి ఆ డబ్బా వదలాల్సి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక క్షణం అటూ ఇటూ చూశాడు. మాకు నాలుగున్నర గంటలు పోయాయి. ఆయనకి ఏం పోయిందో ఏ ఖాతాలోనూ రాయరు. ఇలాంటి సంఘటన చూసిన సిబ్బందికి సాయం అందించాలని, పనినుంచి విడుపు ఇవ్వాలని 2014లో ఫెడరల్ నిబంధన వచ్చింది. చాలా ఆలస్యంగా వచ్చిన మంచిపని అది.

ఆయన స్థానంలో ఇంకొకరు రావాలి. వ్యాన్‌లో వచ్చారు, ఎక్కడో వంద మైళ్ళ అవతలినుంచి. ఈలోపు కండక్టర్ పనిగంటలు కరిగిపోతున్నాయి. రైలు సిబ్బంది 12 గంటలకి మించి పని చెయ్యకూడదని చట్టం. కాబట్టి ఒక్కోసారి ప్రమాదం దగ్గర అంతా సర్దేశాక కూడా, నడిపే మనిషి లేక బండి అలాగే నిలబడుతుంది.

బండి కదిలాక మొదలయ్యే ఆలస్యం ఇంకొకటి. బయటివాళ్ళకి అంతుపట్టనిదీ ఇదే. ఈశాన్య ప్రాంతం తప్పిస్తే ఆమ్‌ట్రాక్ బండ్లు నడిచేది ఎక్కువగా గూడ్సు కంపెనీల పట్టాల మీద. చాలా చోట్ల సింగిల్ లైను. తన సమయానికి వచ్చే బండికి దారి ముందే అనుకుని ఉంటారు. నాలుగున్నర గంటలు ఆలస్యంగా వచ్చినదానికి దారి ఉండదు. ఎదురుగా గూడ్సు బండ్లు వచ్చేస్తాయి. ఇవాళ్టి గూడ్సు బండ్లలో కొన్ని రెండేసి, మూడేసి మైళ్ళ పొడుగు ఉంటున్నాయి, చాలా లూప్ లైన్లలో పట్టవు. కాబట్టి పక్కకి తప్పుకుని ఆగాల్సింది పొట్టిగా ఉన్న మన బండే. ప్రయాణికుల బండికే ముందు దారివ్వాలని 1973 నుంచీ చట్టం ఉంది. దాన్ని అమలు చెయ్యమని న్యాయశాఖ కోర్టుకి వెళ్ళింది 1979లో ఒకసారి, ఆ తర్వాత మళ్ళీ 2024లో. మధ్యలో 45 ఏళ్ళు. మేము చికాగో చేరేసరికి ఆ నాలుగున్నర గంటలు ఎనిమిదిన్నర అయ్యాయి. పెద్దావిడ బండి వెళ్ళిపోయింది. ఆమెకి రాత్రికి హోటల్ గది ఇచ్చారు. మందుల సంచీ చెక్ చేసిన పెట్టెలో ఉందని ఆమె కౌంటర్ దగ్గర చెబుతుండగా నేను బయటికి వచ్చేశాను. ఉండి సాయం చెయ్యాల్సింది.

దూరప్రయాణపు రైళ్ళు ఎప్పుడూ లేటే, వాటిమీద డబ్బు దండగ అని ఎవరైనా అన్నప్పుడు నాకు కోపం రావడానికి కారణం ఇదే. లేటు అన్న ఒక్కమాటలో ఎవరెవరి పాపాలో కలిసిపోయి ఉన్నాయి. అందులో బండిది చాలా కొంచెం.

విడదీయడం కుదరదని కూడా చెప్పకండి. వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ మీదుగా న్యూ హేవెన్ దాకా వెళ్ళే ప్రధాన లైనులో ఒక్క లెవెల్ క్రాసింగ్ కూడా లేదు. ఆ పైన తూర్పు కనెక్టికట్‌లో మిగిలినవి 11. రైలు ముఖ్యం అనుకున్న చోట క్రాసింగుల్ని తీసేశారు, కాదనుకున్న చోట వదిలేశారు. దేశం మొత్తం మీద 2 లక్షలకి పైగా క్రాసింగులున్నాయి. అన్నింటి మీదా వంతెన కట్టమని ఎవరూ అడగడం లేదు. ఒక్కో వంతెనకీ కోట్ల డాలర్లవుతాయి. 2021 చట్టంలో క్రాసింగుల తొలగింపు కోసం అయిదేళ్ళకి 300 కోట్ల డాలర్లు పెట్టారు. మొదటిసారిగా ఇంత పెట్టారు, సంతోషమే. కానీ ఈ దేశం సైజుకి అది సరిపోదు.

వంతెన కన్నా చవకైన పని మూసెయ్యడం. పక్కపక్కన అరమైలు దూరంలో మూడు క్రాసింగులుంటే రెండు మూసి, మూడోదానికి మంచి గేట్లు పెట్టొచ్చు. దీనికి ఊళ్ళవాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. పొలానికి వెళ్ళే దారి పోతే ట్రాక్టర్ చుట్టూ తిరిగి రావాలి. అంబులెన్స్ ఆలస్యమవుతుంది. మిగిలిన ఒక్క క్రాసింగ్ మీద పొడుగాటి గూడ్సు బండి నిలబడిపోతే ఊరు రెండు ముక్కలవుతుంది, ఇది ఊహ కాదు, రోజూ జరుగుతున్నదే. అందుకే మూసేటప్పుడు రైల్వే కంపెనీ కూడా రాసిచ్చి తీరాలి, మిగిలిన దారిని గూడ్సుతో మూసిపెట్టబోమని. ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా ఊళ్ళని మాత్రమే త్యాగం చెయ్యమంటే ఎవరు చేస్తారు?

ఒక్క పైసా అక్కర్లేని పని ఇంకొకటుంది. దీన్ని ఈ వ్యాసం చదివినవాళ్ళు ఇవాళే చెయ్యొచ్చు. ప్రతి క్రాసింగ్ దగ్గరా, స్తంభానికో సిగ్నల్ పెట్టెకో, చిన్న నీలం బోర్డు ఉంటుంది. దాని మీద ఒక ఫోన్ నంబరు, కింద ఆ క్రాసింగ్ గుర్తింపు సంఖ్య: ఆరు అంకెలు, చివర ఒక అక్షరం. బండి పట్టాల మీద ఇరుక్కుంటే ముందు అందరూ దిగిపోవాలి. పట్టాలకి దూరంగా, రైలు వచ్చే వైపుకే ఏటవాలుగా పరిగెత్తాలి. ఎందుకంటే గుద్దినప్పుడు ముక్కలు రైలు వెళ్ళే వైపుకి ఎగురుతాయి. తర్వాత ఆ నంబరుకి ఫోన్ చేసి ఆ సంఖ్య చెప్పాలి. 911 ఆ తర్వాత. ఆ నంబరు తిన్నగా ఆ లైను కంట్రోల్‌కి వెళ్తుంది, వాళ్ళు రైళ్ళని ఆపగలరు. 2015 మార్చి 9న నార్త్ కరోలినాలో హాలిఫాక్స్ దగ్గర ఒక భారీ లోడు లారీ క్రాసింగ్ మీద మలుపు తిరగలేక ఇరుక్కుంది. పక్కన ఎస్కార్ట్‌గా పోలీసు కూడా ఉన్నాడు. ఆ నంబరుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. కరోలినియన్ బండి వచ్చి గుద్దింది, 55 మందికి గాయాలయ్యాయి. బోర్డు అక్కడే ఉంది. ఇన్నేళ్ళుగా ఇక్కడ కారు నడుపుతున్నాను, ఆ రాత్రి దాకా ఆ బోర్డు ఎందుకో నాకూ తెలియదు. లైసెన్సు పరీక్షలో ఒక్క ప్రశ్నగానైనా దీన్ని తప్పనిసరిగా అడగాలి.

మా బండి ఆగిన క్రాసింగ్ సంఖ్య నేను వెతికి పట్టుకున్నాను. ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్లో ఆ సంఖ్య కొడితే ఆ క్రాసింగ్ వివరాలూ, అక్కడ అంతకుముందు జరిగిన ప్రమాదాలూ ఎవరైనా చూడొచ్చు. ఆ రాత్రిది మొదటిది కాదు. కౌంటీకి ఉత్తరం రాశాను, అక్కడ లైట్లు ఎప్పుడు పెడతారని. మర్యాదగానే జవాబు వచ్చింది: రోడ్డు మాది, పట్టాల మధ్య చదును రైల్వేది, లైట్లు ఎక్కడ పెట్టాలన్నది రాష్ట్రం జాబితాని బట్టి. రాష్ట్రానికి రాశాను. జాబితా ప్రమాద తీవ్రతని బట్టి తయారవుతుంది, ఈ క్రాసింగ్ మీద వాహనాల రాకపోకలు తక్కువ అన్నారు. ఇద్దరూ చెప్పింది అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పోయిన వారం రైల్వే కంపెనీకి రాశాను. మూడు ప్రశ్నలే అడిగాను. ఆ రోడ్డు ఎక్కుడు వాలు ఎంత, డ్రైవర్ కూర్చున్న ఎత్తునుంచి చూస్తే అటూ ఇటూ ఎన్ని అడుగుల దూరం దాకా పట్టాలు కనిపిస్తాయి, ఆ కొలతలు చివరిసారి ఎవరు తీశారు. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.